కుంటి గుర్రానికి దాణా

మా తిరువూరులో నా దగ్గర తెలుగు చదువుకొన్న శిష్యుడొకడు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తోలుకొని వెళ్ళి బతుకుతున్నాడు. గుర్రమంటే పెద్ద గుర్రం కాదు, పొట్టిది. తెల్లనిది. మెడకు పూసలూ, నుదుటికి తురాయీ కట్టి, వీపున జరీబట్ట కప్పితే పెళ్ళికొడుకు ఎంతటివాడైనా దాని ముందు వెలవెలపోవలసిందే. గడచిన వేసవి పెళ్ళిళ్ళలో ఒక రాత్రి టపాకాయల మోతకు అది బెదిరి పక్కకు దూకింది. మురుగుకాలువ మీద పరచిన పలకల సందులో ముందరి కుడికాలు ఇరుక్కుంది. ఎముక విరగలేదు. మడమకు పైన వెనుకవైపు సాగే లావుపాటి నరం సగానికి పైగా తెగింది. పశువుల డాక్టరుగారు కట్టు కట్టారు, సూదిమందులు వేశారు. రెండు నెలలు గడిచాక వాపు తీసింది. కాలు నేలకు ఆనిస్తున్నది. అయితే ఆయన ఒక మాట స్పష్టంగా చెప్పారు: “ఇది బతుకుతుంది. నడుస్తుంది. మనిషిని మాత్రం ఇక మోయలేదు. మోయిస్తే ఆ నరం మళ్ళీ తెగుతుంది.”

ఆ సాయంత్రం మావాడు మా ఇంటి అరుగు మీద కూర్చొని తల వంచుకొని అన్నాడు: “మాస్టారూ, ఇటుకబట్టీ ఆసామి ఒకడు కొంటానంటున్నాడు. బండికి కడతాడట. ఊరి బయట వదిలేస్తే అదే మేసి బతుకుతుందని కొందరంటున్నారు. సూది వేయించి నిద్రపుచ్చమని ఇంకొందరు. ఉంచుకొందామంటే రోజూ దాణాకు నేనెక్కడినుంచి తేను? మీరు పెద్ద చదువులు చదివినవారు. ఏం చెయ్యమంటారు?”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. నోటికి మాత్రం అలవాటు చొప్పున ఒక సామెత వచ్చింది. “గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదురా” అన్నాను. వాడు తల ఎత్తి చూశాడు. “అదేనండీ నా బాధ కూడా” అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆ సామెత నన్ను నిద్రపోనివ్వలేదు. ముప్పై ఏళ్ళకు పైగా తరగతిలో దీనికి నేను ఒక్కటే అర్థం చెప్పాను. పనికిరానిదానికి కూడా ఖర్చు తప్పదు, కనుక పనికిరానిదాన్ని పెట్టుకోవద్దు అని. ఇది యజమాని విసుగు. అదే సామెతను గుర్రం పక్షాన నిలబడి చదివితే? చూపు పోయినా దానికి చెందవలసిన దాణా తప్పించడానికి వీల్లేదు అని అర్థం వస్తుంది. ఇది ధర్మం. మాటలు అవే, నిలబడే చోటు మారిందంతే. మన పెద్దలు ఏ చోట నిలబడి ఈ మాట అన్నారో తెలుసుకోవాలని పాత పుస్తకాల బీరువా తెరిచాను. దొరికినవాటిని మిత్రులతో పంచుకొందామని ఈ నాలుగు మాటలు.

తెలుగులో గుర్రానికి పేర్ల కరవు లేదు. తత్తడి, వారువం, మావు, జక్కి అన్నవి కావ్యాలలో దౌడు తీసే గుర్రాలు. పొట్టి గుర్రానికి వాడుకలో ఉన్న మాట తట్టుగుర్రం. అది బరువులు మోసింది, సంతలకు వెళ్ళింది, జట్కాకు కట్టుబడింది. గుర్రాల ఆజమాయిషీ చేసే అధికారిని కాకతీయుల కాలంలో ‘సాహిణి’ అనేవారు. గణపతిదేవుని గజసాహిణి అయిన జాయప సేనానే ‘నృత్తరత్నావళి’ కర్త అని సాహిత్య విద్యార్థులకు తెలిసిన విషయమే. ఏనుగులను చూసుకొనేవాడు నాట్యశాస్త్రం వ్రాసిన నేల మనది. జంతువుల నడకలోని లయ తెలిసినవాడికి మనుషుల నడకలోని లయ తెలియడంలో వింత లేదు.

భారతంలో అశ్వశాస్త్రానికి అధిదేవత వంటివాడు నకులుడు. విరాటుని కొలువులో తిక్కనగారి నకులుడు దామగ్రంథి అన్న పేరుతో గుర్రాలను చూసుకొన్నాడు. అశ్వచికిత్స మీద అతని పేరిట ఒక సంస్కృత గ్రంథం కూడా ప్రచారంలో ఉంది. అయితే గాయపడిన గుర్రం అనగానే నాకు తోచేది నకులుడు కాదు, ద్రోణపర్వంలో పద్నాలుగవనాటి యుద్ధం.

అభిమన్యుణ్ణి కోల్పోయిన మరునాడు సూర్యాస్తమయం లోగా సైంధవుణ్ణి చంపుతాననీ, లేకుంటే అగ్నిలో దూకుతాననీ అర్జునుడు ప్రతిన పూనాడు. పొద్దు వాలుతున్నది. సైంధవుడు ఇంకా దూరాన ఉన్నాడు. గుర్రాలు బాణాలు దిగి, అలసి, నురగలు కక్కుతున్నాయి. ఒక్క నిమిషం విలువ ఒక ప్రాణమైన ఆ వేళ అర్జునుడు రథం దిగి, నేలమీద నిలిచి, శత్రువులను ఒంటరిగా అడ్డుకొన్నాడు. బాణంతో భూమిని చీల్చి కొలను పుట్టించాడు, బాణాలతోనే ఒక శాల కట్టాడు. కృష్ణుడు ఆ శాలలో గుర్రాలను విప్పి, ఒళ్ళంతా దిగిన బాణాలు తన చేతులతో పెరికి, మాలీసు చేసి, నీళ్ళు తాపి, పొర్లాడనిచ్చి, మేత పెట్టి, అవి తేరుకొన్న తరువాతనే మళ్ళీ రథానికి పూన్చాడు. గీత చెప్పిన స్వామిని మనం నిత్యం తలుచుకొంటాం. గుర్రాల ఒంటినుండి బాణాలు తీసిన స్వామిని తలుచుకొనేవారు తక్కువ. యుద్ధరంగం నడుమ కూడా ‘ఇది ఇంకా పరుగెత్తగలదా’ అన్న ప్రశ్నకంటె ముందు ‘దీనికి నొప్పి ఎక్కడ’ అన్న ప్రశ్న వేసుకోవచ్చునని ఆ ఘట్టం చెప్తున్నది.

ఇది కావ్యం, కవి హృదయం అనుకొంటారేమో. లెక్కలు తప్ప మరొకటి ఎరగడని పేరుపడ్డ కౌటిల్యుణ్ణి చూడండి. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులు ఉన్నాయి. ఏ గుర్రానికి ఎంత దాణా, ఎంత ఉప్పు, ఎంత నూనె అని కొలతలతో సహా చెప్పినవాడు, యుద్ధంవల్ల గానీ, రోగంవల్ల గానీ, ముసలితనంవల్ల గానీ క్షీణించి పనికి రాని గుర్రాలకు పోషణకు సరిపడే తిండి పెట్టాలని అక్కడే విధించాడు. యుద్ధానికి తగని మగ గుర్రాలను పౌరుల, జానపదుల మేలు కోసం సంతానోత్పత్తికి వాడాలన్నాడు. వైద్యుని అశ్రద్ధవల్ల రోగం ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా అన్నాడు. గూఢచారులకు జీతాలు కట్టిన ఆ చేయి కుంటి గుర్రానికి పింఛను కూడా కట్టింది. 1909లో మైసూరు నుండి శామశాస్త్రిగారు ఈ గ్రంథాన్ని ప్రకటించేవరకు ఈ సంగతి పండితులకే సరిగా తెలియదు.

మన నేలమీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళ మీద, అశోకుని శాసనాలు నేటికీ ఉన్నాయి. వాటిలో రెండవ ధర్మలిపి రెండు విధాల చికిత్సల గురించి మాట్లాడుతుంది. ఒకటి మనుషులకు, రెండవది పశువులకు. ఓషధులు లేనిచోట తెప్పించి నాటించామనీ, బాటల వెంట బావులు తవ్వించామనీ అందులో చెప్తాడు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దిలో ఒక చక్రవర్తి మనిషినీ పశువునూ ఒకే వాక్యంలో రోగులుగా గుర్తించాడు.

ఇంతవరకు చదివితే మన చరిత్ర అంతా దయామయమని గర్వపడాలనిపిస్తుంది. చరిత్రకు రెండవ వైపు కూడా ఉన్నది.

దక్షిణ దేశంలో మేలుజాతి గుర్రాలు పుట్టవు, సముద్రం మీద రావలసిందే. గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ శతాబ్ది చివర మార్కోపోలో మోటుపల్లి గురించీ, రుద్రమదేవి గురించీ మెచ్చుకొంటూ వ్రాశాడు. అతడే పాండ్యుల దేశం గురించి చెప్తూ, అరబ్బు రేవుల నుండి ఏటా వేల గుర్రాలు వస్తాయనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా భాగం చచ్చిపోతాయనీ, వాటిని సాకడం అక్కడివారికి తెలియదనీ, గుర్రాల వైద్యులు ఆ దేశానికి వెళ్ళకుండా వర్తకులే అడ్డుపడతారనీ వ్రాశాడు. గుర్రం బతికితే కొత్త గుర్రం అమ్ముడుపోదు కదా! ఆ వర్తకుని లెక్కలో కుంటి గుర్రానికి వైద్యం చేయడం బేరానికి నష్టం.

విజయనగరానికి వస్తే లెక్క ఇంకా చిత్రంగా మారుతుంది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ పదహారవ శతాబ్దిలో వ్రాసిన వృత్తాంతం ప్రకారం సాళువ నరసింహరాయలు ఓర్మజ్, ఏడెన్ రేవుల నుండి వచ్చే గుర్రాలను వర్తకులు అడిగిన వెల ఇచ్చి కొనేవాడు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపితే చాలు, బతికున్న గుర్రం వెల చెల్లించేవాడు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా నూనిజే వ్రాశాడు. చచ్చినదాని తోకకు వెల కట్టిన రాజ్యంలో, బతికి కుంటుతున్నదాని గతి ఏమయిందో అతడు వ్రాయలేదు.

ఆ సాళువుల కాలానికే చెందిన మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ అన్న పద్యకావ్యం తెలుగులో చెప్పాడు. ఏ సుడి ఎక్కడ ఉంటే మంచిది, ఏ వన్నె శుభం అన్న విద్య మన భాషలో పద్యాలకెక్కింది. మా వైపు రైతులు నేటికీ ఎద్దును కొనేటప్పుడు సుడులు చూస్తారు. ఈ లక్షణశాస్త్రం కొనేవాడి శాస్త్రం. సంతలో నిలబడి వేలు పెట్టి చూపడానికి అది అక్కరకు వస్తుంది. కొట్టంలో కాలు చాపి పడుకొన్న గుర్రం ముందు కూర్చొన్నప్పుడు సుడి సంగతి ఎవరికి కావాలి?

నా చిన్నతనానికి వస్తాను. తిరువూరుకు రైలు లేదు. బస్సు దిగిన మనుషులనూ మూటలనూ చుట్టుపక్కల పల్లెలకు చేర్చినవి ఎడ్లబండ్లూ, కొన్ని జట్కాలూ. ఒక సాయిబుగారి జట్కా మా వీధికి తరచుగా వచ్చేది. ఆయన గుర్రానికి ఉలవలు నానబెట్టే బొక్కెన జట్కా కింద వేలాడుతుండేది. ఆ ఉలవల వాసన, తోలు వాసన, గంట చప్పుడు కలిసి నాకు ప్రయాణమంటే అదే అన్న భ్రమ ఉండేది. ఒక వానాకాలం ఆ గుర్రం గిట్టలో మేకు దిగి చీము పట్టింది. సాయిబుగారు ఆకుపసరులు కట్టారు, వేణ్ణీళ్ళ కాపడం పెట్టారు. కొన్నాళ్ళకు ఆయన వేరే గుర్రాన్ని కట్టుకొని వచ్చారు. పాతదేదని అడిగితే నాన్నగారు నన్ను ఊరుకోమన్నారు. ఆ తరువాత చెరువు కట్ట మీద ఎముకలు తేలిన గుర్రమొకటి మూడు కాళ్ళ మీద గెంతుతూ మేయడం చాలా రోజులు చూశాను. బడికి వెళ్ళే పిల్లలం దాన్ని రాళ్ళతో అదిలించేవాళ్ళం. నేనూ రాయి వేశాను. ఒక ఉదయం అది కనిపించలేదు. సాయిబుగారిని ఈ వయసులో తప్పుపట్టలేను. ఆయన ఇంట్లో ఆరుగురు పిల్లలు. రెండు గుర్రాలకు ఉలవలు పెట్టగల జట్కా మా ఊళ్ళో లేదు. ‘వదిలేస్తే అదే మేసి బతుకుతుంది’ అని మావాడికి ఎవరో చెప్పినప్పుడు మాత్రం నాకు ఆ చెరువు కట్ట కళ్ళకు కట్టింది.

కాలు విరిగిన గుర్రాన్ని కాల్చి చంపుతారని విన్నాం, సినిమాల్లో చూశాం. ఎందుకలా? ఇందులో క్రూరత్వం కంటె శరీర నిర్మాణం పాలు ఎక్కువ. గుర్రం తన కాలికి ఒక్క వేలి మీద నిలబడే జంతువు. గిట్ట అనేది ఆ వేలి గోరే. మోకాలి దిగువన కండ లేదు. ఎముక, నరం, చర్మం, అంతే. బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదనే పడుతుంది. నడిచినప్పుడల్లా గిట్ట ఒత్తుకొని విచ్చుకొని నెత్తురును పైకి తోడుతుంది. ఒక కాలు నొప్పిచేత నేలకు ఆనకపోతే ఆ బరువంతా ఎదుటి కాలు మోయాలి. వారాల తరబడి కదలకుండా మోస్తే ఆ మంచి కాలి గిట్టలోపలి పొరలు వాచి, ఎముక నుండి ఊడిరావడం మొదలవుతుంది. గాయం కుడికాలికి, మరణం ఎడమకాలి నుండి. మనిషిలాగా ఆరు నెలలు మంచాన పడుకోవడం దానివల్ల కాదు.

ఇందుకు లోకమంతా చూసిన ఉదాహరణ బార్బరో. 2006 మే నెలలో అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచిన ఆ పందెపు గుర్రం రెండు వారాలకు మే 20న మరో పందెంలో వెనుక కుడికాలు ఇరవైకి పైగా ముక్కలుగా విరగగొట్టుకొంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యశాలలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ లోహపు పలక, 27 మరలు వేసి ఆ కాలిని నిలబెట్టారు. విరిగిన కాలు అతుక్కొంటూ వచ్చింది. జులైలో ఎడమ గిట్టకు నేను పైన చెప్పిన జబ్బు వచ్చింది. ఎనిమిది నెలల పోరాటం తరువాత, ఇక నొప్పి లేకుండా నిలబడడానికి దానికి ఒక్క కాలు కూడా మిగలలేదని తేలాక, 2007 జనవరి 29న దాన్ని నిద్రపుచ్చారు. డబ్బు లేక కాదు, వైద్యం లేక కాదు. అవన్నీ ఉన్నా ఒక చోట ఆగవలసి వచ్చింది.

ఆ రోజులలోనే, అదే దేశంలో, ఒక పొట్టి గుర్రం కథ వేరుగా నడిచింది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను లూసియానాను ముంచినప్పుడు వదలివేయబడిన మోలీ అనే పొట్టి గుర్రాన్ని జంతువులను కాపాడి సాకే ఒక పొలానికి చేర్చారు. అక్కడ ఒక కుక్క దాని మీద పడి కరిచింది. ముందరి కుడికాలు కుళ్ళింది. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు రస్టిన్ మూర్ మొదట వెనుకాడాడు. కాలు తీసివేసిన గుర్రం బతకడం అరుదు. అయితే ఆయన ఆ గుర్రాన్ని గమనించాడు. అది గాయపడిన కాలిని తానే కాపాడుకొంటున్నది. మంచి కాళ్ళ మీద బరువును మార్చి మార్చి వేస్తున్నది. అలసినప్పుడు బుద్ధిగా పడుకొని, మళ్ళీ లేస్తున్నది. ఎదుటి కాలికి రావలసిన చేటును దానికదే తప్పించుకొంటున్నది. 2006 జనవరిలో మోకాలి దిగువన కాలు తీసి, కృత్రిమమైన కాలు అమర్చారు. ఆ పైన అది ఆసుపత్రులకూ, వృద్ధాశ్రమాలకూ, పిల్లల దగ్గరకూ వెళ్ళి వచ్చేది. ఆ కృత్రిమపు కాలి అడుగున నవ్వు ముఖం చెక్కారు. మోలీ నడిచిన చోటల్లా మట్టి మీద ఒక నవ్వు అచ్చు పడేది.

మన దేశంలో 2016 మార్చి 14న డెహ్రాడూన్‌లో ఒక ప్రదర్శన సమయంలో శక్తిమాన్ అనే పోలీసు గుర్రం వెనుక కాలు విరిగింది. దానికీ కాలు తీసి కృత్రిమపు కాలు పెట్టారు. దేశమంతా ఆ గుర్రం కోసం కలత పడింది. ఏప్రిల్ 20న అది కన్నుమూసింది. మోలీ బతికింది కనుక అందరినీ బతికించాలనీ, శక్తిమాన్ బతకలేదు కనుక ప్రయత్నమే వృథా అనీ అనుకోరాదు. ఏ గాయం, ఏ కాలు, ఎంత బరువు, ఆ జీవి స్వభావం ఏమిటి అన్నవి కలిసి నిర్ణయిస్తాయి. చిన్న శరీరం కావడం పొట్టి గుర్రానికి కలిసివచ్చే సంగతి.

ఇక్కడ మరొక స్త్రీమూర్తిని తలచుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతోపాటు మన హైదరాబాదు లాన్సర్లు కూడా ఈజిప్టు, పాలస్తీనా రంగంలో ఉన్నారు. ఢిల్లీలోని తీన్ మూర్తి వారి స్మారకమే. ఆ యుద్ధం ముగిశాక బ్రిటిషు సైన్యం తన గుర్రాలను ఈజిప్టులోనే అమ్మి వెళ్ళిపోయింది. 1930లో కైరో చేరిన డొరొతీ బ్రూక్ అనే సైనికాధికారి భార్య, యుద్ధం చేసిన ఆ గుర్రాలు కుంటుతూ, గుడ్డివై, రాళ్ళబండ్లు లాగడం చూసి, పత్రికకు లేఖ వ్రాసి, వచ్చిన చందాలతో మూడేళ్ళలో 5,000 గుర్రాలను కొన్నది. కొని ఏం చేసింది? వాటిలో అధిక భాగానికి కొన్నాళ్ళు మేత, నీడ, మెత్తని పడక ఇచ్చి, ఆపైన నొప్పి తెలియకుండా ప్రాణం తీయించింది. తక్కినవాటికోసం 1934లో ఉచిత వైద్యశాల పెట్టింది. చంపడానికి కొన్నదా అని మొదట నాకు మనసొప్పలేదు. తరువాత అర్థమయింది. ఇటుకబట్టీవాడు కొంటే అది బతుకుతుంది. ఆమె కొంటే చస్తుంది. అయినా ఆ గుర్రానికి నోరుంటే ఎవరి చేతికి వెళ్తాననేదో మనకు తెలుసు.

చట్టం మాట. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టి కదిలించిన ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. గాయంవల్ల, వయసువల్ల, రోగంవల్ల పనికి తగని జంతువుచేత పని చేయించడం దాని ప్రకారం నేరం. బాధపడేలా వదిలివేయడమూ నేరమే. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితిలో ప్రాణం తీయించడానికి మార్గం కూడా అందులో ఉంది. కనుక మావాడి ముందున్న నాలుగు దారులలో బట్టీ దారినీ, ఊరి బయటి దారినీ చట్టమే మూసివేసింది. 1965 నాటి నియమాలలో పొట్టి గుర్రం వీపున మోపదగిన సరకు బరువు 70 కిలోలని ఉంది. అది సరకుకు చెప్పిన లెక్క అనుకోండి. తలపాగాతో, కత్తితో, ముందు కూర్చొన్న తోడిపెళ్ళికొడుకుతో సహా మన వరుణ్ణి తూచితే ఎంత తూగుతాడో మీరే చెప్పండి.

ఇక మిగిలినవి రెండే దారులు. సూది, లేదా దాణా. ఈ రెండింటి నడుమ నిర్ణయించవలసినది యజమాని జేబు కాదు, పండితుని పుస్తకమూ కాదు. మూర్ గారు చేసినట్టు గుర్రాన్నే అడగాలి.

మరునాడు ఉదయం మావాడితో కలిసి దాని కొట్టానికి వెళ్ళాను. మామిడితోట పక్కన రేకుల పంచ. డాక్టరుగారినీ రమ్మన్నాం. గంటసేపు కూర్చొని చూశాం. మేత మేస్తున్నదా? మేస్తున్నది, పక్కనున్న మేక వాటా కూడా. రాత్రి పడుకొంటున్నదా? పడుకొని, తనంత తానే లేస్తున్నదని మావాడి భార్య చెప్పింది. ఎదుటి గిట్ట వేడిగా ఉన్నదా? డాక్టరుగారు అరచేయి ఆనించి చూసి లేదన్నారు. నరం గట్టిపడడానికి తొమ్మిది నెలలనుండి ఏడాది పడుతుందనీ, రోజూ కొద్ది కొద్దిగా చేత్తో పట్టుకొని నడిపించాలనీ చెప్పారు. మేము మాట్లాడుకొంటుండగా అది మావాడి చొక్కా జేబు పట్టుకొని లాగింది. అందులో బెల్లం ముక్క ఉంటుందట.

“ఉంచుకొంటానండీ” అన్నాడు మావాడు. “ఆరేళ్ళు నాకు అన్నం పెట్టింది. నా చెల్లెలి పెళ్ళి దాని వీపు మీదనే చేశాను.” తోట యజమాని గడ్డికి అడ్డు చెప్పనన్నాడు. నెలకు ఉలవల ఖర్చు నేను భరిస్తానన్నాను. నా పింఛనులో అది పెద్ద మొత్తం కాదు. మావాడు ఆటో ఒకటి అద్దెకు తీసుకొని నడుపుతున్నాడు. మూడు నెలలకొకసారి డాక్టరుగారు వచ్చి చూడాలనీ, అది లేవలేని రోజు వస్తే, ఎదుటి గిట్ట వేడెక్కి తగ్గని రోజు వస్తే, ఆ సూదిని మేము వాయిదా వేయకూడదనీ కూడా ఆనాడే మాట అనుకొన్నాం. ఈ రెండవ మాట అనుకోవడం మొదటిదానికంటె కష్టమయింది. మావాడు అక్కడినుండి లేచి పంచ వెనక్కు వెళ్ళి కాసేపటికి గానీ రాలేదు.

చెరువు కట్ట మీది గుర్రానికి నేను చేయగలిగింది ఇప్పుడు ఏమీ లేదు. సామెతను మాత్రం దిద్దుకొన్నాను. మా మనుమరాలు మొన్న దాని అర్థం అడిగితే, కౌటిల్యుడి నుండి మొదలుపెట్టి చెప్పాను. అంతా విని, “అయితే మనం వెళ్ళి దానికి బెల్లం పెడదామా తాతయ్యా?” అంది. సాయంత్రాలు ఇద్దరం వెళ్తున్నాం.

మీ ఊళ్ళలో జట్కాలు ఉండేవా? వాటి గుర్రాలు ముసలివయ్యాక ఏమయ్యేవో మీ పెద్దలు ఎవరైనా చెప్పగా విన్నారా? తెలిసినవారు వ్రాయండి. ఈ చరిత్ర శాసనాలలో దొరకదు, మన జ్ఞాపకాలలోనే వెతకాలి.